జైపూర్ నుంచి వైజాగ్ 41 నిమిషాలేనా? విమాన దూరం లెక్క చెప్పే సైటు మీద నా రివ్యూ

మాది ఒడిశాలో కోరాపుట్ జిల్లా జైపూర్. తాతల కాలం నుంచి ఇక్కడే ఉంటున్న తెలుగు కుటుంబం. పెళ్లి బట్టలైనా, పిల్లల కాలేజీ అయినా, పెద్దాసుపత్రి అయినా మాకు వైజాగే. భువనేశ్వర్ మా రాజధానే గాని రోడ్డు మీద 500 కిలోమీటర్ల దూరం, వైజాగ్ అయితే 220 కిలోమీటర్లలో అయిపోతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడేదాకా మా ఊరు విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. జైపూర్ మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్రా యూనివర్సిటీకి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారని మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ రెండు ఊళ్ల మధ్య ఎంత దూరం, ఎన్ని గంటలు అన్నది ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రోజు అవసరం పడే లెక్క.

ఆ అవసరంతోనే మూడు నెలలుగా ఒక సైటు వాడుతున్నాను. రెండు విమానాశ్రయాల పేర్లు కొడితే మధ్య దూరం ఎంతో, విమానంలో ఎంతసేపో చెప్పేస్తుంది. టికెట్లు అమ్మదు, డబ్బులు అడగదు, ఊరికే లెక్క చెబుతుంది. పేరు రాయడం లేదు. ఇలాంటివే ఇంకో రెండు చూశాను, అవి కూడా ఇదే పద్ధతిలో లెక్క కడుతున్నాయి, అలాంటప్పుడు ఒక్కదాని పేరు పెట్టి తిట్టడం న్యాయం కాదు. కానీ ఆ లెక్కను నమ్మి షుగర్ ఉన్న మా అమ్మను అన్నం వేళ, మందు వేళ తప్పేదాకా ఆసుపత్రి బెంచీ మీద కూర్చోబెట్టాను. కోరాపుట్, రాయగడ, నవరంగపూర్ వైపు నుంచి ఆసుపత్రి పని మీద వైజాగ్ వెళ్లే మనవాళ్లు ఇది పూర్తిగా చదవాలని నా కోరిక.

ముందు మంచి చెబుతాను. దూరం విషయంలో సైటు చెప్పింది కరెక్టే. జైపూర్ నుంచి వైజాగ్‌కి గాలిలో 147 కిలోమీటర్లు అని చూపించింది, పక్కనే 91 మైళ్లు, 79 నాటికల్ మైళ్లు అని కూడా వేసింది. నాకు నమ్మకం కుదరక మా అమ్మాయి చేత నోట్‌బుక్‌లో వేయించాను. మా ఎయిర్‌పోర్టు సుమారు 18.88 డిగ్రీల అక్షాంశం, 82.55 రేఖాంశం మీద ఉంది, వైజాగ్‌ది 17.72, 83.22. ఒక డిగ్రీ అక్షాంశం అంటే 111 కిలోమీటర్లు, రేఖాంశం డిగ్రీ మన దగ్గరికి వచ్చేసరికి కొంచెం కుంచించుకుపోయి 105, 106 దగ్గర ఉంటుంది. ఆ లెక్కన ఉత్తరం–దక్షిణం తేడా 129 కిలోమీటర్లు, తూర్పు–పడమర తేడా 71, తొమ్మిదో తరగతిలో చదువుకున్న పైథాగరస్ సూత్రం వేస్తే సరిగ్గా 147 వచ్చింది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి వంపు లెక్క వేస్తాం అని సైటు గొప్పగా రాసుకుంది, అది ఢిల్లీ–లండన్‌కి పనికొస్తుంది గాని మన 147 కిలోమీటర్లకి ఆ వంపు వల్ల వచ్చే తేడా లేనట్టే.

మ్యాపు కూడా నాకు బాగా నచ్చింది. ఆ గీత మీద వేలు పెట్టి చూస్తే జైపూర్ దాటగానే కొలాబ్ రిజర్వాయర్, అక్కణ్ణుంచి దాదాపు అరకు నెత్తి మీదుగా, అనంతగిరి కొండలు దాటి మైదానంలోకి దిగుతుంది. అదే రోడ్డు చూడండి. జైపూర్ నుంచి ఘాటీ ఎక్కి కోరాపుట్, సిమిలిగుడ, పొట్టంగి, సుంకి, మళ్లీ ఘాటీ దిగితే సాలూరు, తర్వాత రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం. అంటే తూర్పు వైపుకి చుట్టు తిరిగి వెళ్లి, విజయనగరం నుంచి మళ్లీ కిందికి వైజాగ్ వైపు దిగాలి. 147 కాస్తా 220 అవడానికి కారణం ఆ చుట్టు తిరుగుడే. అరకు మీదుగా కూడా రోడ్డుంది, కాని అమ్మలాంటి వాళ్లకు ఆ మలుపులు పడవు. రైలు సంగతికొస్తే, బైలడిల్లా ఇనుప ఖనిజం వైజాగ్ పోర్టుకి దింపడానికి వేసిన కొత్తవలస–కిరండుల్ లైను అది, సొరంగాలు, వంతెనలు దాటుకుంటూ ప్యాసింజర్ వెళ్లేసరికి ఒక పగలు మొత్తం పోతుంది, వానాకాలంలో కొండచరియలు పడితే బండే ఉండదు. ఇవన్నీ అనుభవించిన వాళ్లకు ఆ మ్యాపు మీద తిన్నటి గీత చూస్తే ప్రాణం లేచి వస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

పేరు దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. మొదటిసారి నేను జైపూర్ అని కొట్టగానే 1,270 కిలోమీటర్ల దూరం చూపించి రాజస్థాన్‌కి గీత గీసింది. ఇంగ్లీషులో మన జైపూర్ స్పెల్లింగు వేరు, తెలుగులో పలికినా రాసినా రెండూ ఒకటే అయిపోతాయి. ఎయిర్‌పోర్టు కోడ్ పీవైబీ అని కొడితేనే మన ఊరు వస్తుంది, రాజస్థాన్ జైపూర్‌ది జేఏఐ. వైజాగ్‌కి వీటీజెడ్, భువనేశ్వర్‌కి బీబీఐ. రైల్వేలోనూ ఇదే గొడవ, మన స్టేషన్ జేవైపీ, వాళ్లది జేపీ. టికెట్ తీసేటప్పుడు కూడా పేరు చూడకండి, కోడే చూడండి, ముఖ్యంగా పెద్దవాళ్ల కోసం పిల్లలు ఫోన్లో బుక్ చేసే ఇళ్లలో.

ఇక అసలు సంగతి, సమయం. సైటు చూపించింది 41 నిమిషాలు. ఈ అంకె ఎలా వచ్చిందో పేజీ చివర చిన్న అక్షరాల్లో ఉంది, నేను తిరిగొచ్చాక గాని చూడలేదు. విమానం గంటకు 800 కిలోమీటర్ల వేగంతో వెళుతుందనుకుని, పైకి లేవడానికి, దిగడానికి కలిపి ఒక అరగంట చేర్చేస్తారట. 147ని 800తో భాగిస్తే 11 నిమిషాలు, దానికి 30 కలిపితే 41. ఏ రెండు ఊళ్లకైనా ఇదే సూత్రం. మరి 800 కిలోమీటర్ల వేగం పెద్ద జెట్ విమానాలది. మన జైపూర్ రన్‌వే మీద దిగేది సెస్నా గ్రాండ్ కారవాన్ లాంటి తొమ్మిది సీట్ల చిన్న విమానం, ముందు ఒకే ఒక్క ప్రొపెల్లర్ ఉంటుంది, ఎంత గట్టిగా వెళ్లినా గంటకు 340 కిలోమీటర్ల దగ్గరే. ఆ వేగంతో 147 కిలోమీటర్లకి 26 నిమిషాలు, లేచి మలుపు తిరిగి ఎత్తుకి చేరడం, చివర వేగం తగ్గించి దిగడం కలుపుకుంటే 45 నుంచి 50. మేము వెళ్లిన రోజు నేను వాచీ చూసుకున్నాను, చక్రాలు కదిలిన దగ్గర నుంచి ఆగేదాకా 47 నిమిషాలు.

ఆరు నిమిషాలే కదా తేడా అంటారేమో. అక్కడే మోసపోతాం. దూరం తక్కువ కాబట్టి సైటు కలిపిన ఆ అరగంట వల్ల అనుకోకుండా అంకె దగ్గరగా వచ్చింది, అంతే గాని లెక్క సరైనది కాదు. అదే సైటులో జైపూర్–భువనేశ్వర్ కొట్టి చూడండి. దూరం 375 కిలోమీటర్లు, అది నిజమే. సమయం 58 నిమిషాలు అంటుంది. మన చిన్న విమానానికి గాలిలో వెళ్లడానికే 66 నిమిషాలు కావాలి, పైన ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు. అంటే దగ్గర దగ్గర గంటన్నర పడుతుంది. దూరం పెరిగే కొద్దీ తప్పు పెరుగుతూ పోతుంది. ఏ విమానం అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ తప్పే ఉండేది కాదు, అందుకే నాకు కోపం.

ఇంకోటి, విమానమే లేని చోటుకి కూడా సమయం చూపిస్తుంది. రాయగడ అని కొట్టాను, ఠక్కున నిమిషాలు వచ్చేశాయి. రాయగడలో ఎయిర్‌స్ట్రిప్ ఉన్నమాట నిజమే గాని టికెట్ కొనుక్కుని ఎక్కే విమానం లేదు. రాయగడలో ఉండే మా పిన్ని కొడుకు ఆ స్క్రీన్‌షాట్ చూసి ఫోన్ చేశాడు, "అన్నయ్యా, మన ఊరికి ఎప్పుడు వేశారు?" అని. వాడికి ఏం చెప్పాలో తెలియలేదు.

ఇప్పుడు మా ప్రయాణం సంగతి. అమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు, దానికి తోడు షుగర్. వైజాగ్ హనుమంతవాకలో కంటి ఆసుపత్రిలో పదకొండున్నరకు టైం ఇచ్చారు. అంతకుముందు ఒకసారి కారులో తీసుకెళితే పొట్టంగి దాటినప్పటి నుంచి వాంతులు, సాలూరులో దిగి టీ తాగేదాకా మనిషి మాట్లాడలేదు. అందుకని ఈసారి విమానం అన్నాను. పది గంటలకు బయలుదేరుతుంది, సైటు లెక్కన పది నలభైకల్లా వైజాగ్, అరగంటలో ఆసుపత్రి, పదకొండుంపావుకి బెంచీ మీద ఉంటాం అని నా ప్లాను. అదే వైజాగ్ మావయ్యకు కూడా చెప్పాను.

ఉదయం 8:40కి ఇంటి నుంచి బయలుదేరాం. ఎయిర్‌పోర్టు ఊరికి దగ్గరే, పావుగంట. అమ్మ చేత నడిపించాల్సిన దూరం తక్కువ, లైన్లు లేవు, సామాను బరువుతో పాటు మనిషి బరువు కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాలి. తొమ్మిది మంది ఎక్కే విమానంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది కూడా బరువును బట్టే ఉంటుంది. పదింటికి కదలాలి గాని కొండల వైపు మబ్బు కమ్ముకుని ఉంది. విడిచిపెట్టేసరికి 10:25. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇలాంటి చిన్న ఎయిర్‌పోర్టుల్లో పైలట్ కంటితో నేల చూసుకుని దిగాలి, ఎక్కాలి, అలా ఎగరాలంటే మామూలుగా 5 కిలోమీటర్ల దూరం కళ్లకు ఆనాలి. మా దారికి తూర్పున ఒడిశాలోనే ఎత్తైన కొండ దేవమాలి, 1,672 మీటర్లు, దారి కింద అరకు, అనంతగిరి కొండలు. మబ్బులో వాటి మీదుగా వెళ్లమని ఎవరూ అడగకూడదు. ఆలస్యమైనందుకు నాకు బాధ లేదు. డిసెంబరు, జనవరి పొద్దుటి మంచు, జూలై, ఆగస్టు ముసురు మన జిల్లాలో ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లందరికీ తెలుసు. ఆ నెలల్లో ఒకే రోజులో వెళ్లి చూపించుకుని వచ్చేద్దాం అని మాత్రం పెట్టుకోకండి.

గాలిలో ఉన్నంతసేపూ మాత్రం, నిజం చెబుతున్నాను, అమ్మ ముఖం చూసి నాకు కళ్లు చెమ్మగిల్లాయి. విమానం మరీ ఎత్తుకి వెళ్లదు, పది వేల అడుగుల దరిదాపుల్లోనే, కాబట్టి కింద అన్నీ కనిపిస్తాయి. మసక కళ్లతోనే కొలాబ్ నీళ్లు చూసి, "అదేట్రా, మన డ్యామేనా?" అంది. అరకు మీద కొంచెం కుదిపింది గాని పొద్దున్న పూట కాబట్టి ఓర్చుకునేంతే. మధ్యాహ్నం ఎండకి కొండల మీద గాలి పైకి లేస్తుంది, అప్పుడు కుదుపు ఎక్కువ, ముసలివాళ్లతో వెళ్లేవాళ్లు పొద్దుటి విమానమే చూసుకోవడం మేలు.

11:12కి వైజాగ్‌లో ఆగాం. బయటికొచ్చేసరికి పదకొండున్నర. అప్పటికే మావయ్య మూడు ఫోన్లు, "అల్లుడూ, ఎక్కడున్నారు, ఇక్కడ పేరు పిలిచేస్తున్నారు" అని. ఎయిర్‌పోర్టు నుంచి ఎన్‌ఏడీ జంక్షన్, కంచరపాలెం, మద్దిలపాలెం దాటుకుని హనుమంతవాక చేరేసరికి 12:20. పిలిచినప్పుడు లేం కాబట్టి మా చీటీ చివరికి పోయింది, డాక్టరుగారు చూసేసరికి నాలుగు దాటింది. మావయ్య కూతురు ఇంటి నుంచి చపాతీలు తెచ్చి "అత్తా, ముందు ఇది తినండి" అని నోట్లో పెట్టేదాకా అమ్మ ఏమీ తినలేదు, ఎక్కడ పిలుస్తారో అని. "నలభై నిమిషాలే అన్నావు గదరా" అని ఒక్కమాట అంది, ఇంకేమీ అనలేదు.

ఇంటి గడప నుంచి ఆసుపత్రి గడపకి 3 గంటల 40 నిమిషాలు పట్టింది. కారులో వెళ్లినప్పుడు తెల్లవారి ఐదింటికి బయలుదేరి పదకొండుకి చేరాం, అంటే 6 గంటలు. కాబట్టి విమానంతో మాకు మిగిలింది 2 గంటల 20 నిమిషాలు, దాంతోపాటు అమ్మకు వాంతులు, నడుం నొప్పి తప్పాయి. అది చిన్న లాభం కాదు, నేను మళ్లీ విమానమే ఎక్కిస్తాను. కానీ మొదటే 3 గంటల 40 నిమిషాలని తెలిసుంటే ఆసుపత్రిలో మధ్యాహ్నం రెండింటికి టైం అడిగేవాణ్ణి. అడిగితే ఇస్తారు కూడా.

ఇంకో విషయం కూడా గమనించాను. అందరికీ ఈ లాభం రాదు. సునాబెడలో హెచ్ఏఎల్ (విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీ) క్వార్టర్స్‌లో ఉండే మా స్నేహితుడు కూడా విమానం అంటున్నాడు. వాళ్లు వైజాగ్‌కి ఎదురు దిక్కున 40 కిలోమీటర్లు వచ్చి, ఘాటీ దిగి జైపూర్‌లో ఎక్కాలి. ఆ గంటంపావులో కారులో పొట్టంగి దాటి సుంకి దగ్గరికి వెళ్లిపోతారు. పైగా మేము వెళ్లే కంటి ఆసుపత్రి విజయనగరం నుంచి వచ్చే దారిలోనే, ఊళ్లోకి పోకముందే తగులుతుంది. విమానంలో వెళితే ఎయిర్‌పోర్టు ఊరికి అటు చివర, అక్కణ్ణుంచి ఊరంతా దాటి ఇటు రావాలి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వైపు పనున్నవాళ్లకి లెక్క వేరు. రేపు పౌర విమానాలు భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టుకి వెళ్లిపోతే ఇవన్నీ మళ్లీ మారతాయి. గాలిలో దూరం 140 కిలోమీటర్ల దరిదాపుల్లోకి వస్తుంది, సైటు లెక్కలో మహా అయితే ఒక నిమిషం తగ్గుతుంది, ఆసుపత్రికి మాత్రం ఎయిర్‌పోర్టు నుంచి ఇంకా దూరం పెరుగుతుంది. అదే సాలూరు, విజయనగరం మీదుగా కారులో వచ్చి హైదరాబాదో బెంగళూరో విమానం ఎక్కేవాళ్లకి భోగాపురం దారిలోనే, వాళ్లకి మేలు.

చిన్న ఊళ్లకి విమానాలు నడిపే కేంద్రం వాళ్ల ఉడాన్ పథకంలో 2017 ఏప్రిల్‌లో విమానాలు మొదలైనప్పుడు గంట ప్రయాణం 2,500 రూపాయలు అన్నమాట మా ఊళ్లో అందరి నోటా వినిపించింది. అప్పటి నుంచి విమానం అంటే గంటే అని మనసులో పడిపోయింది. సైటు కూడా ఆ నమ్మకాన్నే పెంచుతోంది. టికెట్ మీద వేసే సమయమైనా విమానం కదిలిన దగ్గర నుంచి ఆగేదాకానే, మన ఇంటికీ ఆసుపత్రికీ దానితో సంబంధం లేదు. నేనిప్పుడు వాడే పద్ధతి ఇది: సైటులో దూరం ఒక్కటి తీసుకుంటాను, కిలోమీటర్లను 340తో భాగిస్తాను, 20 నిమిషాలు కలుపుతాను, ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకి, అక్కడ కూర్చునే గంటకి, దిగాక బయటికి రావడానికి, రోడ్డుకి విడివిడిగా వేసుకుంటాను, వానాకాలం, చలికాలం అయితే ఇంకో గంట వదులుతాను.

దూరానికి, మ్యాపుకి 5కి 5 ఇస్తాను. సమయానికి 5కి 1. మొత్తం మీద 3 అనుకోండి. ఏ విమానం అని అడగండి, విమానం నడవని ఊళ్లకి నిమిషాలు చూపించకండి, రెండు జైపూర్‌లనూ జిల్లా పేరుతో వేరుగా పెట్టండి, ఆ చిన్న అక్షరాల మాటను 41 పక్కనే పెద్దగా వేయండి అని వాళ్లకి మెయిల్ పెట్టాను. జైపూర్ పేరు పక్కన ఒడిశా అని చేర్చారు, మిగతావి ఇంకా అలాగే ఉన్నాయి.

అమ్మకు ఒక కన్ను ఆపరేషన్ అయ్యింది, చూపు బాగా వచ్చింది. రెండో కంటికి సంక్రాంతి వెళ్లాక రమ్మన్నారు. అది మంచు రోజులు, అందుకని ముందురోజు విమానానికే టికెట్ తీశాను, రాత్రికి మావయ్య ఇంట్లో పడుకుని పొద్దున్నే వెళతాం. ఈసారి కొలాబ్ స్పష్టంగా కనిపిస్తుంది కదా అని కిటికీ పక్క సీటు ఇప్పించమని అమ్మ ఇప్పటి నుంచే అడుగుతోంది.